అమ్మకి పెన్షన్ ఎంత వస్తుంది? జీపీఎస్సా, సీపీఎస్సా?

గుంటూరు అబ్బాయి: పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, తల వేడెక్కిపోయింది. అమ్మ గవర్నమెంటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, వచ్చే నెల రిటైర్మెంట్. ఒకరేమో బేసిక్‌లో సగం పెన్షన్ అంటారు, ఇంకొకరు అసలేమీ రాదంటారు. మెమో 57 వచ్చిందట, పాత పెన్షన్ మళ్ళీ ఇస్తారట. నెలకు ఎంత వస్తుందో ఒక్క ముక్కలో చెప్పండి. జీపీఎస్ కట్ అవుతోందనుకుంటా.

ట్రెజరీ మాజీ: చేరిన తేదీ? రాష్ట్రమా, కేంద్రమా?

రిటైర్డ్ సిస్టర్: ముందు ఆ 'స్టాఫ్ నర్సు' అనడం మానండి బాబూ. కేంద్రంలో ఎప్పుడో నర్సింగ్ ఆఫీసర్ అని మార్చారు. రాత్రంతా నిలబడి సెలైన్లు మార్చినా, తెల్లారేసరికి రోగి బంధువు 'ఏమ్మా, ఇటు రా' అని చిటికేసి పిలుస్తాడు. కనీసం పేరైనా సరిగ్గా రాయండి.

గుంటూరు అబ్బాయి: మేడమ్, ఆ సంగతి తర్వాత. ఏపీనే. 1998 నుంచి చేస్తోంది. 2004కి ముందే కాబట్టి పాత పెన్షనే కదా?

ట్రెజరీ మాజీ: పే స్లిప్పు తీయండి. కోతల్లో ఏముంది?

మాచర్ల మాస్టారు: జీపీఎస్ కట్ అవడమేంటండీ! జీపీఎఫ్ అంటే ప్రావిడెంట్ ఫండ్, పాత పెన్షన్ వాళ్ళది. జీపీఎస్ అంటే 2023లో ఏపీ చట్టం చేసిన గ్యారంటీ పెన్షన్. కేంద్రంలో 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది యూపీఎస్, అంటే యూనిఫైడ్ పెన్షన్. అన్నీ కలిపి కిచిడీ చేస్తే ఎలా?

గుంటూరు అబ్బాయి: స్లిప్పులో సీపీఎస్ అని ఉంది. బీరువాలో ఎల్ఐసీ రసీదుల మధ్య ఒక కార్డు కూడా దొరికింది. పాన్ కార్డేమో అనుకుని దాచిందట. ప్రాన్ (పెన్షన్ ఖాతా నంబరట) అని 12 అంకెల నంబరుంది.

ట్రెజరీ మాజీ: అయితే సీపీఎస్సే. అంటే కాంట్రిబ్యూటరీ పెన్షన్: జీతంలో కోసిందీ, ప్రభుత్వం వేసిందీ ఖాతాలో చేరుతుంది, పెన్షన్ దాన్నిబట్టే.

గుంటూరు అబ్బాయి: మరి 1998? ఇప్పుడే అమ్మనడిగాను. అప్పుడు చేరింది కాంట్రాక్టులోనట, రెగ్యులర్ చేసింది 2006లో. చెప్పాలని తట్టలేదు.

మాచర్ల మాస్టారు: అసలు ముక్కే అది, అదే తట్టలేదా! రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 నుంచి రెగ్యులర్‌గా చేరినవాళ్ళంతా సీపీఎస్. మెమో 57 కేంద్రం తన ఉద్యోగులకి 2023 మార్చి 3న ఇచ్చింది. 2003 డిసెంబర్ 22కి ముందే నోటిఫై అయిన పోస్టయితే పాత పెన్షన్ కోరుకోవచ్చని. మాది 2003 డీఎస్సీ. నోటిఫికేషన్ ముందు, పోస్టింగు తర్వాత. అదే మెమో మాకూ వర్తింపజేయమని ఎన్ని అర్జీలు పెట్టామో!

రిటైర్డ్ సిస్టర్: కాంట్రాక్టుకీ నోటిఫికేషన్ ఇచ్చే తీసుకున్నారుగా? అది నోటిఫికేషన్ కాదా?

మాచర్ల మాస్టారు: రెగ్యులర్ పోస్టుకి ఇచ్చిందే లెక్క.

రిటైర్డ్ సిస్టర్: ఎనిమిదేళ్ళూ పేషెంట్లు మాత్రం రెగ్యులరే.

గుంటూరు అబ్బాయి: మీరిద్దరూ తర్వాత పోట్లాడుకోండి, డబ్బు సంగతి చెప్పండి ప్లీజ్.

ట్రెజరీ మాజీ: ఖాతాలో ఎంతుందో చూడాలి. అందులో 60 శాతం వరకు చేతికి, పన్ను లేదు. కనీసం 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పథకం, కొనాలి. ఉదాహరణకి 30 లక్షలుంటే 18 లక్షలు చేతికి, 12 లక్షలు యాన్యుటీకి. ఏడాదికి 6 శాతం రేటు దొరికితే నెలకు 6,000. డీఏ కలవదు. కాగితాలు డీడీఓ (ఆఫీసులో జీతాల బిల్లులు పెట్టే అధికారి) ద్వారా కదలాలి, ఇవాళే ఆఫీసుకి పంపండి.

గుంటూరు అబ్బాయి: ఆరు వేలా? అమ్మకి ఎలా చెప్పాలి సార్.

మాచర్ల మాస్టారు: అందుకే కదా మేం రోడ్డెక్కింది. 2003 నవంబర్‌లో ఏం జరిగిందంటే

ట్రెజరీ మాజీ: మాస్టారూ, ఇది మీ డీఎస్సీ గొడవ కాదు. బాబూ, స్టేట్‌మెంట్ తీశారా?

గుంటూరు అబ్బాయి: థాంక్స్ సార్. తీద్దామంటే పాస్‌వర్డ్ అమ్మకి గుర్తులేదు. ఓటీపీ వెళ్ళేది ఎప్పుడో పారేసిన పాత సిమ్‌కి.