మోడల్ విమానాల మీట్‌లో స్లాట్లు గొడవ లేకుండా ఎలా పంచాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. జనవరి చివర్లో విశాఖ దగ్గర ఆనందపురం దాటాక ఒక ఖాళీ స్థలంలో ఆర్సీ (రిమోట్‌తో ఎగరేసే) విమానాల మీట్ పెడుతున్నాం. 24 మంది పేర్లిచ్చారు. సగం మంది ఇంజనీరింగ్ పిల్లలు, మిగతావాళ్లు సీనియర్లు. నిరుడు నేను చూసిన ఒక మీట్‌లో ముందొచ్చినవాళ్లకు ముందు అన్నారు. పెద్ద మోడళ్లవాళ్లు చీకటితోనే వచ్చి వరస పట్టేశారు. పిల్లల వంతు వచ్చేసరికి గాలి లేచింది, రెండు ట్రైనర్లు (నేర్చుకునేవాళ్ల విమానాలు) విరిగాయి. ఈసారి తలా పది నిమిషాలని రాసి ఇచ్చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు తమ్ముడూ. మన విశాఖలో అసలు పంచుకోవాల్సింది పొద్దుటి నిలకడ గాలి. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. బరువైన బాల్సా కర్ర మోడల్ దాన్ని తట్టుకుంటుంది, అరకిలో ఫోమ్ ట్రైనర్ తట్టుకోలేదు. ఏడింటికి పది నిమిషాలు, పదకొండింటికి పది నిమిషాలు కాగితం మీదే సమానం. కాబట్టి గాలి లేవకముందే ప్రతి ఒక్కరూ రెండుసార్లు ఎగరేసేలా చూడండి.

లెక్క ఇలా వేయండి. ఒకేసారి నలుగురు చొప్పున ఆరు బ్యాచ్‌లు. మూడు సెల్స్, 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీతో మామూలు ట్రైనర్ ఆరేడు నిమిషాలు హాయిగా ఎగురుతుంది. అందుకని 8 నిమిషాలు ఎగరడానికి, 4 నిమిషాలు రన్‌వే ఖాళీ చేసి తర్వాతివాళ్లు రావడానికి. బ్యాచ్‌కు 12 చొప్పున రౌండుకు 72 నిమిషాలు. 6.45కు మొదలుపెడితే రెండు రౌండ్లూ 9.09కి అయిపోతాయి. 9.45 దాకా మిగిలిన 36 నిమిషాలు ఎవరికీ ఇవ్వకండి. సర్వో (రెక్కల పలకలు కదిపే చిన్న మోటారు) మొరాయించో, ప్రొపెల్లర్ విరిగో వంతు పోయినవాళ్లకు అది ఉంచాలి.

రెండో రౌండ్‌ను మళ్లీ ఒకటో బ్యాచ్‌తో మొదలుపెట్టొద్దు. 4, 5, 6, 1, 2, 3 వరసలో పిలవండి. వరస తిరగేస్తే సరిపోతుందంటారు కొందరు, కానీ అప్పుడు ఆరో బ్యాచ్ వెంటవెంటనే రెండుసార్లు ఎగరాల్సి వస్తుంది. మోటారు చల్లబడే వ్యవధి కూడా ఉండదు.

ఎవరు ఏ బ్యాచ్ అన్నది అందరి ముందూ చీటీలు తీసి తేల్చండి, అదీ ముందురోజు సాయంత్రమే. పొద్దున గ్రౌండ్‌లో తీస్తే వాదనలతోనే మంచి గాలి అయిపోతుంది.

ప్రశ్న: చాలా థాంక్స్ అన్నా. ఒక చిక్కుంది. పిల్లల్లో పది మందికి తలా ఒక్కటే బ్యాటరీ ఉంది. చీటీలో నాలుగో బ్యాచ్ వస్తే?

జవాబు: మంచి ప్రశ్న. నాలుగో బ్యాచ్ 7.29కి దిగితే మళ్లీ 7.57కి పైకెళ్లాలి. అరగంట కూడా లేదు. లైపోని 1సీ అనే మామూలు వేగంతో చార్జ్ చేయడానికే సుమారు గంట పడుతుంది, వేడి మీద చార్జర్‌కు తగిలించనేకూడదు. అదే ఒకటో బ్యాచ్ 6.53కి దిగితే మళ్లీ ఎగిరేది 8.33కి. రెండు, మూడు బ్యాచ్‌లకూ అంతే వ్యవధి. అంటే మొదటి మూడు బ్యాచ్‌ల 12 చోట్లలో ఆ పది మందినీ ముందు సర్దేసి, వాళ్లలో వాళ్లకు చీటీలు తీయండి. మిగిలిన 14 చోట్లకు తక్కినవాళ్లు తీస్తారు. పిల్లలకు పొద్దున ముందు వంతు వచ్చిందని ఎవరైనా అంటే, రెండో రౌండ్లో వాళ్లే చివర అని చూపించండి.

ఇంకొకరి మాట: పైన చెప్పిన లెక్క బాగుంది. రేడియోల సంగతి కూడా చూడండి. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు పక్కపక్కన పనిచేస్తాయి. ఎవరైనా పాత క్రిస్టల్ సెట్ తెస్తే, ఒకే చానల్‌వి రెండు ఒకేసారి ఆన్ కాకూడదు. ఎఫ్‌పీవీ డ్రోన్లను (కెమెరా దృశ్యం తెరమీద చూస్తూ ఎగరేసేవి) విమానాలతో కలపకండి, విడిగా బ్యాచ్ పెట్టండి. వాళ్లు ఎగురుతుండగా పిట్‌లో (విమానాలు సిద్ధం చేసుకునే చోట) ఎవరో వీడియో ట్రాన్స్‌మిటర్ ఆన్ చేస్తే పైనున్నవాళ్ల తెర మసకబారిపోతుంది.

స్థలం ఖాయం చేసేముందు డిజిటల్ స్కై మ్యాప్ (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) తప్పకుండా చూడండి. విశాఖలోనే నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఉంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 120 మీటర్ల దాకా ఎగరొచ్చు, ఎయిర్‌పోర్టుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 60 మీటర్లే. స్థానిక పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి.

ప్రశ్న: చాలా ఉపయోగపడింది. చివరగా ఒకటి. డబ్బు సాయం చేసినాయన తన జెట్ అందరికంటే ముందు ఎగరాలంటున్నారు. కాదనడం కష్టంగా ఉంది.

జవాబు: కాదనక్కర్లేదు. 9.45కు డెమో అని పెద్ద అక్షరాలతో బోర్డు మీద ఆయన పేరు రాయండి. అప్పటికి చూసేవాళ్లూ ఎక్కువే ఉంటారు, జెట్‌కు ఆ గాలి లెక్కలోది కాదు. పొద్దుటి రౌండ్లలోకి మాత్రం రానివ్వకండి. ఒకరికి సడలిస్తే ఆ చార్టును ఇంకెవరూ నమ్మరు.

గడియారం పట్టుకునే మనిషి పేరు ఎగరేసేవాళ్ల జాబితాలో ఉండకూడదు. ఆరో నిమిషానికి ఒకసారి, ఎనిమిదో నిమిషానికి రెండుసార్లు గంట కొట్టించండి. ఎవరైనా 'డెడ్ స్టిక్' (గాల్లో ఇంజన్ ఆగిపోయింది) అని అరిస్తే మాత్రం వరసా టైమూ పక్కనపెట్టి, మిగతా ముగ్గురూ తమ విమానాలను రన్‌వే వదిలించి పైకి లేపేయాలి. ఈ ఒక్కటీ పొద్దున బ్రీఫింగ్‌లో పిల్లల చేత పైకి చెప్పించండి.