చర్చ: తప్పు వాక్యాలు దిద్దే బిట్లు చేస్తూ పోతే ఇంగ్లిష్‌లో మార్కులు పెరుగుతాయా?

పటమట అభ్యర్థి:
డిగ్రీ దాకా తెలుగు మాధ్యమమే. గుంటూరు జిల్లా పల్లె నుంచి వచ్చి విజయవాడలో హాస్టల్లో ఉంటూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్‌కూ, బ్యాంకు ఆఫీసరు (పీవో) పరీక్షకూ చదువుతున్నాను. మా కోచింగ్‌లో రోజూ సాయంత్రం ఒక బిట్ పేపర్ చేతిలో పెడతారు. వాక్యంలో తప్పు పట్టుకోవడం, గీత గీసిన పదబంధాన్ని మార్చడం, ఖాళీలు నింపడం, అన్నీ అవే. లెక్కలు, రీజనింగ్ మెరుగుపడ్డాయి. ఇంగ్లిష్ మాత్రం మాక్ టెస్టుల్లో ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్ 1లో 25 ప్రశ్నలకు 50 మార్కులు. వదులుకునేవి కావు.

ఇంకో ఇబ్బంది కూడా వచ్చిపడింది. పొద్దస్తమానం తప్పు వాక్యాలే చూడటం వల్లనో ఏమో, సరైన వాక్యం కూడా తప్పుగానే కనిపిస్తోంది. 'తప్పు లేదు' అనే ఆప్షన్ గుర్తించడానికి చెయ్యి రావడం లేదు. గదిలోని మిత్రుడు బిట్లు పక్కన పడేసి ఇంగ్లిష్ పత్రిక చదవమంటాడు. కోచింగ్‌లో మాస్టారు బిట్లే దిక్కంటారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
బాబూ, బిట్లు చేస్తే బిట్లు చేయడం వస్తుంది. నాలుగు ఆప్షన్లు ముందే కనబడుతుంటే నువ్వు వాక్యం చదవవు, ఆప్షన్లను ఒకదానితో ఒకటి పోల్చుకుంటావు. వాటి మీద చెయ్యి అడ్డం పెట్టి వాక్యం చదువు. సరైన రూపం ఏదో కాగితం మీద రాయి. ఆ తర్వాత చెయ్యి తీయి. ఇలా చేసిన ఒక పేజీ పది పేజీల పెట్టు.

అసలు విషయం వేరే ఉంది. మన పిల్లల తప్పులన్నిటికీ తెలుగులో ఆలోచించడమే కారణమని అందరూ తేలిగ్గా అనేస్తారు. సగం అబద్ధం. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని రాసేవాడు తెలుగులో ఆలోచించడం లేదు. ఆలోచిస్తే 'నా స్నేహితుల్లో ఒకడు' అనే బహువచనం దానంతటదే వచ్చి 'ఫ్రెండ్స్' అని రాసేవాడు. 'అతను నాకు సీనియర్' అంటాం. ఆ 'కు'ను పట్టుకుంటే 'సీనియర్ టు' తప్పకుండా వస్తుంది. మరి 'సీనియర్ దాన్' అని ఎందుకు గుర్తిస్తున్నారు? పోలిక అనగానే 'దాన్' అని బట్టీ పట్టారు గనుక.

తెలుగు నిజంగా దెబ్బ కొట్టే చోట్లు వేరు. 'దాని గురించి చర్చించారు' అంటాం కాబట్టి 'డిస్కస్' పక్కన 'అబౌట్' తగిలిస్తాం. 'అతనితో పెళ్లయింది' అంటాం కాబట్టి 'మ్యారీడ్ విత్' చెవికి ఇంపుగానే ఉంటుంది. 'వచ్చాడు' అనే ఒక్క మాట ఇంగ్లిష్‌లో 'కేమ్'కీ సరిపోతుంది, 'హాజ్ కమ్'కీ సరిపోతుంది. అందుకే 'హాజ్ కమ్ యెస్టర్‌డే' అని ఉంటే అందులో తప్పేమిటో తోచదు. ఆర్టికల్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మనకు అవి లేనే లేవు.

నీ తప్పులను తెలుగు ఆదుకోగలిగినవి, తెలుగు ముంచినవి అని విడదీసి రాసుకో. ముంచినవాటికి సాధన కావాలి, అది బిట్లతో చేసినా సరే. మిగతావాటికి వాక్యాన్ని తెలుగులో ఒకసారి అనుకుంటే చాలు.

కృష్ణా కెనాల్:
మాస్టారూ, మీరు భాష నేర్పుతున్నారు. అతను అడిగింది ఉద్యోగం గురించి. నేను ఈ పరీక్ష రాసి ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. టైర్ 1లో గంటకు వంద ప్రశ్నలు. లెక్కలు తినేసిన సమయం పోగా ఇంగ్లిష్‌కు మిగిలేది పది, పన్నెండు నిమిషాలు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ల పీవో ప్రిలిమ్స్‌లో 30 ప్రశ్నలకు 20 నిమిషాలు, అందులోనే పెద్ద పేరా చదివి జవాబులు గుర్తించాలి. అక్కడ చెయ్యి అడ్డం పెట్టుకుని తెలుగులో తలచుకుంటూ కూర్చుంటే ఆ విభాగం దానంతటదే మూసుకుపోతుంది.

ఎస్సెస్సీ అడిగేవి తిప్పి తిప్పి అవే. 'హార్డ్‌లీ' వస్తే 'వెన్', 'నో సూనర్' వస్తే 'దాన్', 'లెస్ట్' వస్తే 'షుడ్', 'ఫర్నిచర్', 'అడ్వైస్' వంటివాటికి బహువచనం ఉండదు. బిట్లు చేయగా చేయగా ఇవి కంటికి అలవాటవుతాయి. కారణం చెప్పలేకపోయినా జవాబు గుర్తించగలిగితే మార్కు వస్తుంది.

ఇంకొకటి, నెగటివ్ మార్కుల లెక్క ముందు అర్థం చేసుకో తమ్ముడూ. టైర్ 1లో సరైన జవాబుకు 2, తప్పుకు అర మార్కు కోత. ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలను గుడ్డిగా గుర్తించి ఒక్కటి తగిలినా 2 వచ్చి ఒకటిన్నర పోతుంది, అర మార్కు మిగులుతుంది. టైర్ 2 ఇంగ్లిష్‌లో 45 ప్రశ్నలు, 135 మార్కులు. అక్కడ సరైనదానికి 3, తప్పుకు 1 కోత. అదే గుడ్డి లెక్క వేస్తే సున్నాకు సున్నా. ఐదు ఆప్షన్లు, పావు మార్కు కోత ఉన్న బ్యాంకు ప్రశ్నల్లోనూ అంతే. కానీ రెండు ఆప్షన్లను కచ్చితంగా కొట్టేయగలిగితే ఎక్కడైనా లాభమే. బిట్ల సాధన నేర్పేది ఆ కొట్టేయడాన్నే. 'తప్పు లేదు' గుర్తించడానికి భయపడి ప్రశ్న వదిలేస్తున్నావంటే నీ జబ్బు ఇంగ్లిష్ కాదు.

బ్రాడీపేట మాస్టారు:
'నో సూనర్' చూసి 'దాన్' కోసం వెతికే అలవాటు ఏం చేస్తుందో చూడండి. 'నో సూనర్ డిడ్ ద ట్రైన్ రీచ్డ్ తెనాలి దాన్...' అని వాక్యం ఇస్తే 'దాన్' కనబడగానే మీ శిష్యుడు 'తప్పు లేదు' అంటాడు. 'డిడ్' పక్కన 'రీచ్డ్' ఉన్న సంగతి గమనించడు. ప్రశ్న తయారుచేసేవారికి ఈ సూత్రాలు మనకంటే ముందే తెలుసు.

ఏలూరు రోడ్డు డీటీపీ:
మీరిద్దరూ ఆ బిట్లు సరైనవే అనుకుని వాదించుకుంటున్నారు. నేను ఇలాంటి మెటీరియల్ టైపు చేసి పొట్టపోసుకున్నవాణ్ని. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

ఐబీపీఎస్ ప్రశ్నపత్రం బయటపెట్టదు. పరీక్ష ముగిసి పిల్లలు బయటికి రాగానే గేటు దగ్గర కోచింగ్ మనుషులు ఉంటారు. ఏం వచ్చింది, ఏం వచ్చింది అని అడిగి రాసుకుంటారు. లెక్క అయితే అంకెలు గుర్తుంటాయి. 'ఆన్' ఉందా, 'అపాన్' ఉందా అని ఎవరికి గుర్తుంటుంది? ఆ వాక్యాన్ని ఎవరో ఊహించి పూరిస్తారు. చేతిరాత కాగితం మా దగ్గరికి వస్తుంది. నేను ఇంగ్లిష్ పండితుణ్ని కాను. నేను కొట్టేది కొడుతుంటే కంప్యూటర్ తన పని తాను చేస్తుంది. 'హీ డోంట్' అని కావాలని తప్పుగా ఇచ్చిన వాక్యం కింద అది గీత గీస్తుంది, అలవాటు కొద్దీ నా చెయ్యి 'హీ డజంట్' అని దిద్దేస్తుంది! ప్రశ్నలో తప్పు మాయం, కీలో మాత్రం 'రెండో భాగంలో తప్పు' అని ఉంటుంది. ప్రూఫు చూసేవారు కీ చూస్తారు గానీ ప్రశ్న చూడరు. ఆ పేజీ జిరాక్సయి, పీడీఎఫయి ఊరూరా తిరుగుతుంది. మరుసటి సంవత్సరం మరొకరు దాన్నే చూసి టైపు చేయిస్తారు.

కాబట్టి పటమట అభ్యర్థి గారూ, సరైన వాక్యం కూడా తప్పుగా కనిపించడంలో మీ లోపం లేకపోవచ్చు. మీరు చేసిన పేపర్లో సరైన వాక్యాన్ని తప్పని కీ చెప్పి ఉండవచ్చు. ఎస్సెస్సీ అలా కాదు. పరీక్ష తరువాత ఎవరి రెస్పాన్స్ షీటు వారికి చూపిస్తుంది, ప్రాథమిక కీ ఇస్తుంది, రుసుము కట్టి అభ్యంతరం చెప్పే అవకాశం ఇస్తుంది. తుది కీ కూడా వస్తుంది. సాధన చేయాలనుకుంటే ఆ పాత పేపర్లు చాలు. లెనిన్ సెంటర్లో దొరికే పాత పుస్తకాలు కొన్నా వెనక కీ మీద గుడ్డి నమ్మకం పెట్టుకోకండి.

అరండల్‌పేట:
ఒక్క మాట. మా హాస్టల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్ 2కు చదివే అమ్మాయిలు కూడా ఈ బిట్ పేపర్లే చేస్తున్నారు, కోచింగ్‌లో అందరికీ కలిపి ఇస్తారు కాబట్టి. గ్రూప్ 2లో ఇంగ్లిష్ పేపరే లేదు. రైల్వే ఉద్యోగాల ఎన్టీపీసీ పరీక్షలోనూ లేదు. 2023 డిసెంబరు గ్రూప్ 1 నోటిఫికేషన్ ప్రకారం మెయిన్స్‌లో ఇంగ్లిష్ 150 మార్కుల అర్హత పేపర్, అది కూడా రాసేది, గుర్తించేది కాదు. అక్కడ ఏ ఆప్షన్ ఆదుకుంటుంది? ముందు ఎవరికి అవసరమో తేల్చుకోండి.

కృష్ణా కెనాల్:
అరండల్‌పేట గారు చెప్పింది నిజమే, కానీ ఇక్కడ అడిగినతను సీజీఎల్ రాస్తున్నాడు. డీటీపీ అన్న చెప్పిందానితో నాకు పేచీ లేదు. చెడ్డ బిట్లు చెడ్డవే. మంచి బిట్లు వద్దనడానికి అది కారణం కాదు.

పటమట అభ్యర్థి:
మాస్టారు చెప్పినట్టు చేశాను, ఎస్సెస్సీ పాత పేపర్లు తీసుకుని. నా తప్పులు విడదీసి చూస్తే ఆశ్చర్యం వేసింది. 'డిస్కస్ అబౌట్' రకంవి దాదాపు లేవు, అవి ఎప్పుడో కంఠతా వచ్చేసినట్టున్నాయి. ఎక్కువగా పోయినవి ఈజ్, ఆర్ దగ్గర, హాజ్, హావ్ దగ్గర. ఒకటో తరగతి విషయం! కర్తను బట్టి క్రియ మారుతుందని నాకు తెలియక కాదు. 'ద కండిషన్ ఆఫ్ ద రోడ్స్ ఇన్ గుంటూర్ ఆర్ బ్యాడ్' అన్నది నాకు సరిగ్గానే అనిపించింది. ఇది ఏ కుప్పలోకి వస్తుంది మాస్టారూ? తెలుగులో ఏకవచనం, బహువచనం క్రియలో తేడాగా చూపిస్తాం కదా.

కృష్ణా కెనాల్:
చూశారా! మాస్టారి సిద్ధాంతానికి అందని తప్పు. ఇలాంటివి బిట్లతోనే పోతాయి.

బ్రాడీపేట మాస్టారు:
అందుతుంది. అదే వాక్యం తెలుగులో అనండి: 'గుంటూరు రోడ్ల పరిస్థితి బాగా లేదు.' 'పరిస్థితి' ఎక్కడుంది? క్రియకు ఆనుకుని ఉంది. మన భాషలో విశేషణాలు, 'యొక్క'లు, ఊళ్ల పేర్లు అన్నీ ముందే అయిపోతాయి. అసలు నామం చివరికి వచ్చి, ఎంత పొడుగు వాక్యమైనా సాధారణంగా క్రియ దగ్గర నిలబడుతుంది. పుట్టినప్పటి నుంచి మనం క్రియకు ముందున్న మాటనే చూసి క్రియ పలుకుతున్నాం. ఇంగ్లిష్‌లో ఇది తిరగబడుతుంది. 'కండిషన్' మొదట్లో ఉండిపోతుంది, 'ఆఫ్' దగ్గర మొదలైన తోక క్రియ దాకా సాగుతుంది. మన కంటికి క్రియ పక్కన 'గుంటూర్', దాని పక్కన 'రోడ్స్' తగులుతాయి. 'రోడ్స్' బహువచనం కాబట్టి 'ఆర్' సబబుగా తోస్తుంది. సూత్రం తెలిసినా తప్పు పోయేది అందుకే. ఇది తెలుగు ముంచిన కుప్పే. పైకి కనబడదు, అంతే.

దీనికి బిట్లు వంద అక్కర్లేదు. 'ఆఫ్', 'ఇన్', 'విత్', 'అలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్' కనబడగానే అక్కడ నుంచి క్రియ ముందు దాకా పెన్సిల్‌తో కొట్టేయి. 'ద కండిషన్... ఆర్ బ్యాడ్.' ఇప్పుడు తప్పు నీకే కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కృష్ణా కెనాల్:
పరీక్ష కంప్యూటర్ మీద. తెర మీద పెన్సిల్ నడవదు మాస్టారూ.

బ్రాడీపేట మాస్టారు:
ఇంట్లో కాగితం మీద కొట్టేయడం అలవాటైతే తెర మీద కన్నే కొట్టేస్తుంది.

కృష్ణా కెనాల్:
మరి అలవాటు చేయడాన్నే నేను బిట్ల సాధన అంటున్నాను! సరే, ఈ ఒక్కదానికి మీ వివరణ బాగుందని ఒప్పుకుంటాను. కానీ 'ఈచ్ అదర్', 'వన్ అనదర్' సంగతి చెప్పండి. ఇద్దరైతే మొదటిది, అంతకు మించితే రెండోది అని ప్రతి బిట్ పుస్తకంలోనూ ఉంటుంది. మంచి రచయితలు ఈ గీత పాటించరని మీరే ఒకసారి అన్నారు. పరీక్షలో వస్తే అభ్యర్థి మీ మాట వినాలా, బిట్ పుస్తకం వినాలా?

బ్రాడీపేట మాస్టారు:
పరీక్షలో బిట్ పుస్తకం చెప్పినట్టే గుర్తించనీయండి. ఆ మాటకు వస్తే 'లెస్', 'ఫ్యూయర్' మీదా నాకు ఇదే ఫిర్యాదు ఉంది.

ఏలూరు రోడ్డు డీటీపీ:
ఆ రెండూ ఒకే ప్రశ్నలో పెట్టి, జవాబు 'తప్పు లేదు' అని ఇచ్చిన పేపర్ ఒకటి నా దగ్గర ఉంది. ఫొటో తీసి రాత్రికి పెడతాను. కీ సరైనదో కాదో మీరిద్దరూ తేల్చండి.