ఎయిర్ రైఫిల్‌కి చెక్క స్టాక్ వేశాక ముందు స్క్రూలు నిలవట్లేదు

మాది విజయవాడ. నా 0.177 స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి ప్లాస్టిక్ స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) తీసేసి, విడిగా కొన్న చెక్క స్టాక్ బిగించాను. అప్పట్నుంచి ముందు భాగంలో రెండు పక్కలా ఉండే స్క్రూలు 20, 25 షాట్లకే వదులైపోతున్నాయి. ట్రిగ్గర్ గార్డు స్క్రూ మాత్రం కదలట్లేదు. 10 మీటర్లలో రూపాయి బిళ్ళంత చోట పడే పెల్లెట్లు ఇప్పుడు అరచేతి వెడల్పున చెదిరిపోతున్నాయి. స్కోప్ మౌంట్ కూడా చూశాను, గట్టిగానే ఉంది.

మరల్లో నూనె తుడిచి నీలం థ్రెడ్‌లాకర్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) రాసి, 24 గంటలు ఆరనిచ్చాను. 40 షాట్ల దాకా ఆగింది, అంతే. స్ప్రింగ్ వాషర్లు వేస్తే చెక్కలోకి దిగబడ్డాయి. విప్పి చూస్తే రంధ్రం చుట్టూ చెక్క నలిగి, వాషర్ అచ్చు గుండ్రంగా పడి ఉంది. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది కదా, ఆ దెబ్బకి చెక్కే అణిగిపోతోందని నా అనుమానం. ఇంకా బిగిస్తే చీలుతుందని భయమేసి ఆపేశాను.

ఆటోనగర్‌లో లేత్ మీద ఇత్తడి బుష్షులు (రంధ్రంలో కూర్చునే చిన్న గొట్టాలు) చేయించి, ఎపాక్సీతో కూర్చోబెడదామనుకుంటున్నాను. కానీ రంధ్రం పెద్దది చేస్తే అంచున 4 మి.మీ. చెక్కే మిగులుతుంది. ఇలా చేయించినవాళ్ళు చెప్పండి: అంత పల్చటి చెక్క చీలకుండా బుష్షు నిలుస్తుందా?