ఆవిరి గంజులో పసుపు వేస్తే దండగేనా?

కల్వం:
సర్ది చేస్తే ఆవిరి పట్టే గంజులో పసుపు, తులసి, కర్పూరం అన్నీ కలిపి వేసేస్తున్నారు. ఆవిరితో పాటు లేచేదే ముక్కుకు అందుతుంది. పసుపులో అందరూ నమ్ముకునే కర్క్యుమిన్ అనే పదార్థం ఆవిరి కాదు, నీళ్లలో సరిగా కరగదు, అడుగున మడ్డిగా మిగులుతుంది. ఓమ, వావిలాకు, నీలగిరి నూనెకైతే ఎగిరే గుణం ఉంది. ఆవిరికి అవే వాడాలి.

కొమ్ముపసుపు:
కల్వం గారూ, ఎండు కొమ్ముల్లో 3 నుంచి 5 శాతం దాకా ఎగిరే నూనె ఉంటుంది కదా. పసుపు వాసనంతా దానిదే. గంజు మీద వాసన తెలుస్తోందంటే ఎంతో కొంత లేస్తున్నట్టే. పసుపు కొమ్మును ఆముదం దీపానికి కాల్చి పొగ పీల్చడం మన ఇళ్లలో ఉన్నదేగా!

కల్వం:
లెక్క వేయండి. చెంచాడు పొడి సుమారు 3 గ్రాములు. అందులో నూనె 0.15 గ్రాములు మించదు. ఆ నూనెలోనూ ఎక్కువ పాలు టర్మెరోన్లు, నెమ్మదిగా లేచే రకం. అదే ఓమను అరచేతిలో నలిపి చూడండి, థైమాల్ ఘాటు గుప్పున ముక్కుకు కొడుతుంది. పొగ సంగతి వేరే. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఏ పొగైనా హానే, ఆ పద్ధతిని నేను సమర్థించను.

ఇంకిబాబ్:
హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గరున్న నిజామియా యునాని ఆసుపత్రి హకీముల భాషలో ఆవిరి పట్టడమంటే ఇంకిబాబ్. ఏం వేశారన్న దానికన్నా ఎలా పట్టారన్నదే ముఖ్యం. లీటరు నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, గుప్పెడు వావిలాకు నలిపి వేసి వెంటనే మూత పెట్టండి. రెండు మూడు నిమిషాలాగి మూత తీయండి. ఆకును మూత లేకుండా ఇరవై నిమిషాలు కాగబెడితే వాసనంతా వంటింటి పాలవుతుంది, ముక్కుకు మిగిలేది వేడి నీళ్ల ఆవిరే. నీలగిరి నూనైతే రెండు చుక్కలు చాలు. నూనె నీళ్ల మీద తేలి మొదటి నిమిషంలోనే ఒక్కసారిగా లేస్తుంది, అందుకే కళ్లు మూసుకోవాలి. ముఖం మూరెడు దూరంలో ఉంచి, ఐదు నుంచి పది నిమిషాలు పట్టండి. గంజు ఒళ్లోనో మంచం మీదో పెట్టుకోవద్దు. ఒరిగిందంటే తొడలు కాలిపోతాయి. కరెంటు ఆవిరి యంత్రంలో వట్టి నీళ్లే పోయాలి. ఆకు, నూనె వేస్తే గొట్టం పూడుకుపోయి వేడి నీళ్లు చిమ్ముతుంది.

తులామానం:
ఒక మాట చేరుస్తాను. మెంథాల్ పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు అనిపించేది చల్లదనాన్ని పసిగట్టే నరాల వల్లే. లోపలి వాపు తగ్గదు, గాలి దారి పెద్దగా మారదు. 1920 నుంచి మన హైదరాబాద్‌లో వాడుతున్న జిందా తిలిస్మాత్ అనే యునాని మందులోనూ నీలగిరి నూనె, కర్పూరం, మెంథాల్ ఉన్నాయి. హాయినివ్వడం నిజం, జబ్బు మానుతుందనడం వేరు. పసిపిల్లలకు ఇవేవీ పట్టొద్దు. కర్పూరం గ్రాము కడుపులోకి పోయినా మూర్ఛలొస్తాయి, ప్రాణం మీదికే రావచ్చు.

కొమ్ముపసుపు:
లెక్క ఒప్పుకుంటాను, ఆవిరికి ఓమే మేలు. మరి గొంతు గరగరకు?

కల్వం:
అక్కడ పసుపు వాడండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు కలిపి, పలుచని గుడ్డలో వడగట్టి, అర నిమిషం చొప్పున పుక్కిలించి ఉమ్మేయాలి. వడగట్టకపోతే నలకలు గొంతులో పట్టుకుని దగ్గు తెస్తాయి.