పోతున్న హార్డ్ డిస్క్: ముందు చెక్‌డిస్కా, క్లోనా?

సాగర్_వైజాగ్:
లాప్‌టాప్‌లో 500 జీబీ హార్డ్ డిస్క్. ఫోల్డర్ తెరిస్తే నిమిషం పాటు బిగుసుకుపోతోంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు (హెచ్చరిక), సీ5 (చదవడం కష్టమవుతున్న సెక్టార్ల, అంటే డిస్కులోని చిన్న గళ్ల లెక్క) పక్కన 30. ముందు విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కమాండ్ కొట్టి, తర్వాత 480 జీబీ ఎస్‌ఎస్‌డీకి క్లోన్ (మక్కీకి మక్కీ కాపీ) చేద్దామని. సరేనా?

స్క్రూడ్రైవర్:
కొట్టండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ (ఫైళ్లు ఎక్కడున్నాయో రాసుకునే విండోస్ ఫైల్ సిస్టమ్) దెబ్బతిని ఉంటే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ సగంలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. స్లాష్ ఆర్ బ్యాడ్ సెక్టార్లను పక్కనపెడుతుంది.

జీరోఫిల్:
కొట్టొద్దు సాగర్ గారూ. ఆ 30 హెక్సాడెసిమల్ (పదికి బదులు పదహారుతో లెక్క), అంటే 48 సెక్టార్లు. చెక్‌డిస్క్ డిస్కుని బాగు చేయదు. ఖాళీ చోటుతో సహా మొత్తం చదివిస్తుంది, పైగా అదే డిస్కు మీద రాస్తుంది. ఫైల్ రికార్డు చదవలేకపోతే ఆ ఫైలు పేరు, ఫోల్డరు పోయి ఫౌండ్ డాట్ 000 అనే ఫోల్డర్‌లో ముక్కగా తేలుతుంది.

లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాడైన డిస్కు నుంచి డేటా లాగే డీడీరెస్క్యూ ప్రోగ్రామ్ వాడండి. అది ఫైల్ సిస్టమ్ జోలికే పోదు, సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు లాగుతుంది. పాత డిస్కుని మౌంట్ చేయకండి (ఫైళ్లు చూడ్డానికి తెరవకండి). మొదటి విడత హైఫన్ ఎన్ ఆప్షన్‌తో: తేలిగ్గా వచ్చేదంతా ముందు వచ్చేస్తుంది. రెండో విడత హైఫన్ డీ, హైఫన్ ఆర్3తో మొండి సెక్టార్ల మీదికి. మ్యాప్‌ఫైల్ (ఏ సెక్టార్లు వచ్చాయో రాసుకునే ఫైలు) వేరే డ్రైవులో పెట్టుకోండి; లైవ్ సెషన్‌లోనే (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఆ లైనక్స్‌లోనే) ఉంచితే రీబూట్‌తో పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. కమాండ్‌లో ముందు సోర్స్ (పాత డిస్కు), తర్వాత టార్గెట్ (కాపీ వెళ్లే చోటు). తిరగబడితే డేటా గోవిందా, కాబట్టి సీరియల్ నంబర్ చూసి మరీ ఎంటర్ కొట్టండి.

ఇంకోటి, 500 జీబీ క్లోన్ 480లో పట్టదు. చావుబతుకుల్లో ఉన్న డిస్కులో పార్టిషన్ కుదించే పని అసలే పెట్టుకోవద్దు. 1 టీబీ ఎక్స్‌టర్నల్‌లోకి ఇమేజ్‌గా (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) తీయండి.

స్క్రూడ్రైవర్:
ఇమేజ్‌లోనూ ఎన్‌టీఎఫ్‌ఎస్ పాడై ఉంటే? అప్పుడైనా చెక్‌డిస్క్ కొట్టాల్సిందేగా!

జీరోఫిల్:
కొట్టండి, ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి దాని మీద. కానీ దాన్నే కుదించి ఎస్‌ఎస్‌డీలో దించి విండోస్ నడపడం నాకు నచ్చదు. చదవలేని చోట సున్నాలుంటాయి. అవి ఏ డీఎల్‌ఎల్ (విండోస్ నడవడానికి కావాల్సిన ఫైలు) మధ్యలోనో పడితే నెల తర్వాత క్రాష్ అవుతుంది, కారణం అంతుపట్టదు. విండోస్ కొత్తగా వేసి డేటా మాత్రం తెచ్చుకోండి.

తాళంచెవి:
బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) ఉందేమో చూశారా? 48 అంకెల రికవరీ కీ లేకపోతే ఇమేజ్ ఎంత బాగా వచ్చినా తెరుచుకోదు. సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి. టిక్ టిక్ చప్పుడు మొదలైతే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. హెడ్లు (డిస్కుని చదివే భాగాలు) పోయాక ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబే దిక్కు.

స్క్రూడ్రైవర్:
48 సెక్టార్లకి విండోస్ అంతా మళ్లీ వేయమనడం అతి. ఏ ఫైళ్లు పాడయ్యాయో తెలిస్తే చాలదూ?

జీరోఫిల్:
తెలుసుకోవచ్చు. డీడీరెస్క్యూ ఫిల్‌మోడ్‌తో కాపీలో చదవలేక సున్నాలు మిగిలిన చోట్ల ఏదైనా గుర్తు మాట నింపి, ఫైళ్లన్నిట్లో దాన్ని వెతకండి. కాపీ మీద చెక్‌డిస్క్ కొట్టకముందే చేయాలి.