చలికాలపు సందర్శకుల రద్దీ: మా గ్రామ పంచాయతీకి ఉన్న అధికారం ఎంత?

ప్రశ్న (వార్డు సభ్యుడు, చింతపల్లి మండలం)

అందరికీ నమస్కారం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, చలికీ పొగమంచుకీ పేరుపడ్డ లంబసింగికి దగ్గరలో ఉన్న ఒక చిన్న పంచాయతీలో నేను వార్డు సభ్యుణ్ణి. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. నవంబరులో చలి ముదిరిన దగ్గర నుంచి సంక్రాంతి వెళ్లేదాకా శని, ఆదివారాల్లో మా దారులు మావి కావు. సూర్యోదయానికి ముందే కొండ మీద ఉండాలని అర్ధరాత్రి దాటగానే నర్సీపట్నం వైపు నుంచి ఘాటు ఎక్కే కార్లు, బైకులు తెల్లవారేసరికి ఊరి మొదలు నుంచి బడి దాకా రెండు వైపులా బారులు తీరి ఉంటాయి. కిందటి సీజన్‌లో ఒక వేకువజామున నిండు గర్భిణి కోసం వచ్చిన 108 వాహనం ఆ బారుల మధ్య చాలాసేపు ఇరుక్కుపోయింది.

మిగతావి కూడా చెబుతాను. మా ఊరికి గ్రావిటీ పథకం ద్వారా నీరు వచ్చే ఊటకు ఎగువన పాత్రలు కడుగుతున్నారు. నెగళ్ల కోసం కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ కొమ్మలు నరుకుతున్నారు. వలిసెలు పసుపుగా పూసిన చేలల్లోకి ఫొటోల కోసం దిగి పంట తొక్కుతున్నారు. రాత్రి రెండింటి వరకు పాటల పెట్టెలు మోగుతూనే ఉంటాయి. అయినా పంచాయతీ సమావేశంలో వీధి దీపాలు, పూడిపోయిన కాలువ, కాలిపోయిన మోటారు గురించి మాట్లాడాక, ఈ విషయం చివర్లో వచ్చి, ‘ఇది పర్యాటక శాఖ చూసుకోవాల్సింది’ అన్న మాటతో ముగిసిపోతుంది. బొంగులో చికెన్ అమ్ముకునేవారికీ, టెంట్లు వేసేవారికీ ఈ రెండు నెలల ఆదాయమే ఏడాదికి ఆధారం కాబట్టి జనాన్ని రానివ్వవద్దని నేను అనను. అయితే పార్కింగు రుసుము వసూలు చేయడానికి, నెగళ్లకు హద్దు పెట్టడానికి, బయటివారి టెంట్లను ఆపడానికి పంచాయతీకి నిజంగా అధికారం ఉందా?

జవాబు 1 (విశ్రాంత పంచాయతీ విస్తరణాధికారి)

వార్డు సభ్యుడు గారికి నమస్కారం. మీ సమావేశంలో వినిపించిన ‘పర్యాటక శాఖ చూసుకోవాలి’ అన్న మాట దగ్గరే మీ చిక్కు ఉంది. మీది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతం. పంచాయతీ వ్యవస్థను ఇలాంటి ప్రాంతాలకు విస్తరించిన 1996 నాటి పెసా చట్టం ప్రకారం మైదాన ప్రాంతపు గ్రామ సభకు లేని బలం మీ గ్రామ సభకు ఉంది. ఊరి ఆచారాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అర్హత దానిదే. అభివృద్ధి పథకాలను అమలుకు ముందు ఆమోదించేదీ, పెట్టిన ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ ఇచ్చేదీ అదే. ఈ రాష్ట్రంలో ఆ చట్టానికి నియమాలు 2011లో వచ్చాయి. కాబట్టి ఈ అంశాన్ని పాలకవర్గ సమావేశపు చివరి నిమిషాల్లో కాక, సీజన్‌కు ముందే, అక్టోబరులో, గ్రామ సభలో మొదటి అంశంగా పెట్టించండి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా అక్టోబరు 2 నుంచి ఎలాగూ సభలు జరుగుతాయి.

పార్కింగు విషయంలో ఒక జాగ్రత్త అవసరం. లంబసింగి మీదుగా వెళ్లేది 516ఈ జాతీయ రహదారి. దాని అంచున బండి ఆపినవారి దగ్గర పంచాయతీ పైసా కూడా వసూలు చేయకూడదు. అక్కడ అడ్డంగా నిలిపిన వాహనాలను తీయించడం పోలీసుల పని. పంచాయతీకి చెందిన స్థలాన్ని చదును చేసి, వాహనాల స్టాండుగా తీర్మానించి, రుసుము నిర్ణయించి, రశీదు పుస్తకంతో వసూలు చేస్తే ఎవరూ ప్రశ్నించలేరు. సంత ఆశీళ్ల లాగా దాన్ని వేలం వేయాలని కొందరు సలహా ఇస్తారు. నేను వద్దంటాను. వేలం పాడినవాడు పెట్టుబడి రాబట్టుకోవాలనే చూస్తాడు కానీ బండ్లు సక్రమంగా నిలిచాయా లేదా అన్నది పట్టించుకోడు. ఆ పనిని ఊరి మహిళా సంఘానికి అప్పగించి, ప్రతి సోమవారం వసూలైన మొత్తాన్ని పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించండి.

టెంట్ల విషయంలో, గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారడాన్ని కట్టడి చేసే 1/70 నిబంధనను గుర్తుంచుకోండి. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి అమ్మకమే కాదు, కౌలు కూడా అందులో బదలాయింపు కిందకే వస్తుంది. గిరిజనేతరుడైన బయటి వ్యాపారి మీ రైతు చేనును సీజన్‌కు మాట్లాడుకుని టెంట్లు వేస్తే అది చట్టానికి నిలవదు. అదే రైతు తానే టెంట్లు వేసుకుని అద్దెకు ఇస్తే అభ్యంతరం ఉండదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. దానికి మీరు కొత్తగా తీర్మానం చేయనక్కరలేదు, బోర్డు పెట్టి, స్టేషన్‌కు ఒక ప్రతి పంపితే చాలు.

జవాబు 2 (టెంట్లు నడిపే స్థానిక యువకుడు)

విస్తరణాధికారి గారు చెప్పినదంతా సరే కానీ, మా వైపు కూడా ఒక మాట వినండి. సున్నా దగ్గరికి దిగే చలిలో పడుకోవడానికి వచ్చినవారికి మంట లేదంటే మరుసటి వారం ఎవరూ రారు. నెగడును నిషేధించే బదులు, ప్రతి టెంట్ల స్థలంలో రాళ్లు పేర్చిన ఒకే గుంట ఉండాలనీ, కట్టెలు ఎండు సరుగుడో రైతు అమ్మిన కొమ్మలో తప్ప అడవివి కాకూడదనీ, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పాలనీ గ్రామ సభ షరతు పెడితే మేమే ముందుగా సంతకం చేస్తాం. ఇకపోతే కొండ మీది చెత్త మా టెంట్ల నుంచి వచ్చింది తక్కువ. రాత్రి ఎక్కి, పొద్దున్నే దిగిపోయేవారు వదిలేసిన సీసాలు, నూడుల్స్ గిన్నెలే ఎక్కువ. వారి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు, రుసుము మాత్రం మా మీద పడుతుంది.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి ఏటా వచ్చే సందర్శకుడు)

నేను ఆ రాత్రి ఎక్కి పొద్దున దిగేవారిలో ఒకణ్ణే కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. పొగమంచైనా, గడ్డి మీద పేరుకున్న తెల్లని తుషారమైనా, కాశ్మీరులో కురిసేదైనా మనకు ‘మంచు’ ఒక్కటే మాట. లంబసింగికి ఉన్న ‘ఆంధ్రా కాశ్మీర్’ అన్న పేరు విని కురిసే మంచు చూడాలని బయలుదేరినవారు, అది కనిపించక, ఏం చేయాలో తోచక మీ చేలల్లోకీ వాగుల్లోకీ దిగుతారు. ఘాటు మొదట్లోనే ఒక పెద్ద బోర్డు పెట్టి, ఇక్కడ కనిపించేది పొగమంచేననీ, బండి ఎక్కడ ఆపాలో, మరుగుదొడ్డి ఎక్కడుందో రాయండి. అన్నట్టు, కొండ దగ్గర మహిళలకు మరుగుదొడ్డి లేకపోవడం వల్లనే చాలామంది వాగు వైపు వెళుతున్నారు. మీ ఊట కలుషితం కావడానికి అది కూడా ఒక కారణమేమో పరిశీలించండి. రుసుము చెల్లించడానికి మాకు అభ్యంతరం లేదు, రశీదు ఇస్తే చాలు.

జవాబు 4 (విశ్రాంత పంచాయతీ విస్తరణాధికారి)

మరుగుదొడ్డి మాట బాగుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించారు. ఉమ్మడి మరుగుదొడ్డి, ఊట చుట్టూ కంచె రెండూ ఆ పద్దులో ఇమిడే పనులే. ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు 2016 నుంచి గ్రామాలకు కూడా వర్తిస్తున్నాయి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. టెంట్ల యువకుడి ఫిర్యాదులో న్యాయం ఉంది. అందుకే చెత్త రుసుమును టెంట్ల మీద కాక స్టాండులో నిలిపే ప్రతి వాహనం మీదా వేయండి. కొండ రిజర్వు అడవిలోకి వస్తే మాత్రం అక్కడ ఏ నిర్మాణానికైనా అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

ప్రశ్నించిన వారి జవాబు

అందరికీ ధన్యవాదాలు. వాహనం మీద రుసుము అన్న ఆలోచన మా వాళ్లకు నచ్చుతుందని అనుకుంటున్నాను. ఒక్క చిక్కు మిగిలింది. సందర్శకులు వచ్చే నెలల్లోనే మాకు కాఫీ పండ్ల కోత, వరి కోత ఉంటాయి. ఆ రోజుల్లో తెల్లవారుజామున స్టాండు దగ్గర కూర్చోవడానికి మహిళా సంఘంలో ఎవరికీ తీరిక ఉండదు. కోతకు వెళ్లని వృద్ధులకూ, డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చే పిల్లలకూ వంతులు వేసి, వసూలులో కొంత వారికి కూలిగా ఇవ్వవచ్చా, అలా ఇస్తే ఖాతాల్లో ఏ పద్దు కింద రాయాలి అన్నది మా కార్యదర్శి గారిని అడుగుతాను. గ్రామ సభ తేదీ ఇంకా ఖరారు కాలేదు, ఊటకు కంచె మాత్రం ఈ లోపే వేయిస్తున్నాం.