తామర ట్యూబు నెలయినా అవ్వట్లేదు, రోగం తగ్గట్లేదు, ఏం చెయ్యాలి?

పలాస_క్లినిక్:
నేను పలాస దగ్గర విలేజ్ క్లినిక్‌లో చేస్తున్నాను. జీడి పని చేసేవాళ్ళు ఎక్కువ, పిక్క పెచ్చులో నూనె అంటి చేతులు నల్లబడి పగిలి దురదతో వస్తారు. ఒక అమ్మమ్మకి చేతుల ఎగ్జిమా మూడేళ్ళ నుంచి ఉంది. స్కిన్ డాక్టర్ గారు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ 15 గ్రాముల ట్యూబు రాసి, రోజూ రాత్రి ఒకసారి రెండు చేతులకీ రాయమన్నారు. నెల తర్వాత ట్యూబు చూపించమంటే కొంగు ముడిలోంచి తీసింది, మూతి దగ్గర కొంచెం నొక్కి ఉంది, అంతే! ఏటమ్మా ఇది అంటే "దురద తగ్గిపోనాది, మానీసాను, మళ్ళీ వచ్చీసింది, ఖరీదు మందు కదా కూసింత రాసాను" అంది. ఇలాంటోళ్ళు నాకు పది మంది ఉంటారు, తిట్టినా లాభం లేదు. మానకుండా రాసుకునేలా మీరెవరైనా ఎలా అలవాటు చేశారు?

మూడులాంతర్ల_అమ్మ (విజయనగరం):
మా బాబుకి నాలుగేళ్ళు, మోచేతి మడతల్లోనూ మోకాళ్ళ వెనకా ఉంటుంది. మొదట్లో నేనూ అంతే అక్కా, పల్చగా రాయండి అన్నారని బొట్టు పెట్టినట్టు పెట్టేదాన్ని. తర్వాత ఒక మేడమ్ నా చూపుడు వేలు పట్టుకుని పై గీత నుంచి కొస దాకా గీతలా పిండి, ఇది అర గ్రాము, పెద్దవాళ్ళ రెండు అరచేతులంత మేరకి వస్తుంది అని చూపించారు, అప్పటిగ్గాని బుర్రకెక్కలేదు. మా అత్తగారు స్టెరాయిడ్ అని విని చర్మం పాడైపోద్దని ట్యూబు దాచీసేవారు, ఆవిడ్ని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాకే ఆ గొడవ తీరింది. ముఖానికి టాక్రోలిమస్ అని స్టెరాయిడ్ కాని ఆయింట్‌మెంట్ ఇచ్చారు, మొదట కొన్ని రోజులు మండుతుంది మానొద్దు అని ముందే చెప్పారు. నిజంగానే మండింది, వాడు ఏడుపు, ముందు చెప్పకపోయుంటే ఆ రోజే పారేసేదాన్ని. ఈ ఉక్కకి పగలు జిడ్డు మందు రాస్తే ఉండలేం, అందుకే మాయిశ్చరైజర్ పగలు లోషన్, రాత్రి ఆయింట్‌మెంట్. తగ్గాక కూడా పాత చోట్ల వారానికి రెండు రోజులు స్టెరాయిడ్ రాయమన్నారు. బుధ, ఆదివారాలు పెట్టుకున్నా, చికెన్ వండే రోజులు కదా మర్చిపోను 😀

డేఅండ్‌నైట్_మందులషాపు (శ్రీకాకుళం):
మేడమ్, హెడ్డింగులో తామర అన్నారు చూడండి, మా షాపులో రోజూ అదే తలనొప్పి. మన దగ్గర ఎగ్జిమానీ తామరే అంటారు, గుండ్రంగా అంచు కట్టి పాకే ఫంగస్‌నీ తామరే అంటారు. "తామర ట్యూబు ఇయ్యి బాబూ" అని వచ్చి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపేసినవి అడుగుతారు. ఫంగస్ మీద స్టెరాయిడ్ పడితే ముందు దురద తగ్గినట్టే ఉంటుంది, తర్వాత ఒళ్ళంతా పాకుతుంది. 2018లో చాలా స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టి చీటీ ఉంటేనే అమ్మమన్నారు, అయినా అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. మీ అమ్మమ్మ ఆ ట్యూబు పక్కింటోళ్ళకి ఇవ్వకుండా చూసుకోండి ముందు.
లెక్కకొస్తే ఒక చేతికి ముందూ వెనకా కలిపి ఒక వేలి కొలత, రెండు చేతులకీ గ్రాము, అంటే 15 గ్రాములు 15 రోజుల్లో అయిపోవాలి. ట్యూబు మీద పెన్నుతో అయిపోవాల్సిన తారీకు రాసిస్తాను నేను. చదువు రానోళ్ళకైతే పున్నానికి మొదలెడితే అమావాస్యకి ఖాళీ అవ్వాలి అని చెప్తా.

పలాస_క్లినిక్:
అమావాస్య లెక్క భలే ఉంది తమ్ముడూ. నిన్న అమ్మమ్మ చేతే వేలి మీద పిండించాను, "ఇంతేటి! మరి నాను రాసింది ఏ మూలకి" అని ఒకటే నవ్వు. గిన్నెలు తోమడం అయ్యాక సీరియల్ మొదలవ్వగానే రాయమన్నా. గ్లౌజులు మాత్రం వద్దంటోంది, పప్పు పొర వొలవడం కుదరదట.

జీడితోట:
పొర దగ్గర కాదక్కా, పిక్క కొట్టేటప్పుడే జీడి ఎక్కువ అంటేది. మా అమ్మ కొట్టేటప్పుడు గ్లౌజు ఏసుకుంటాది, పొర దగ్గర తీసేస్తాది. లోపల చెమట పట్టినా మళ్ళీ దురదే, మధ్యలో తీసి ఆరబెట్టుకోమను.